మసి పూసిన మారేడుకాయ

ఈ మధ్య మా గోరంట్ల వైపు నలుగురు ఆడవాళ్ళు ఒకచోట చేరితే, చింతపండు ధర సంగతి అయిపోయాక వచ్చే మాట ఒకటే. పిల్లల కంప్యూటర్ ఆటలు. ఇదివరకు ఆ ఆటల మీద ఉన్న ఫిర్యాదు పాతదే: చదువు పాడు, కళ్ళు పాడు అని. ఇప్పుడు దానికి కొత్తది ఒకటి తోడయింది.

"చూడక్కా, మావాడు ఆడే ఆటలో పచ్చటి చెట్లూ, తళతళలాడే ఏరూ ఎంత ముద్దుగా ఉండేవో! వాడేదో దానిమీద వేశాడంట. ఇప్పుడంతా మసి. పట్టపగలు కూడా మునిమాపు లాగానే ఉంటుంది. వాడి మనసులో ఏం దిగులు దూరిందో ఏమో" అని ఒకావిడ కళ్ళొత్తుకుంటుంది. "అదేమిట్రా అంటే షేడర్ అంటాడు మావాడు. ఆ పేరు విన్నాక నాకింకా భయమేసింది" అని పక్కావిడ అందుకుంటుంది.

నేను ఆ పిల్లవాడి తరపున వకాల్తా పుచ్చుకోదలచాను. పుచ్చుకుని ఊరుకోను. ఫిర్యాదు చేస్తున్న పెద్దల మీద ఎదురు దావా కూడా వేస్తాను. కాస్త ఓపిగ్గా వినండి.

ముందు ఆ షేడర్ అనే వస్తువేమిటో చూద్దాం. ఆటలో కనబడే ఇల్లు, కొండ, చెట్టు అన్నీ కంప్యూటర్‌లో లెక్కల రూపంలో ఉండే ఆకారాలు. వాటిమీద వెలుతురు ఎటునుంచి పడాలి, నీడ ఎంత పొడుగు సాగాలి, నీళ్ళు ఎంత మెరవాలి, దూరాన ఉన్న కొండ ఎంత మసకబారాలి అని లెక్కకట్టి రంగు తేల్చే చిన్న ప్రోగ్రాము పేరు షేడర్. మామూలు తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అంటే మొత్తం 20 లక్షల 73 వేల 600. సెకనుకి 60 సార్లు బొమ్మ మారే ఆటలో, మనం ఒక్కసారి రెప్ప వేసి తెరిచేలోగా కోట్ల సార్లు ఏ చుక్కకి ఏ రంగో తేలిపోవాలి. సెకనుకి 12 కోట్ల 44 లక్షల సార్లు! మనం ఒక్క చీరకి జాకెట్టు గుడ్డ రంగు తేల్చడానికి ధర్మవరం బజారులో ఒక పూటంతా తిరుగుతాం.

ఆ పేరు వాడుకలోకి వచ్చింది 1988లో, అమెరికాలో పిక్సార్ సంస్థవాళ్ళు బొమ్మల సినిమాల కోసం రెండర్‌మాన్ అనే పద్ధతిని రాసి పెట్టినప్పుడు. 2001లో ఎన్విడియావాళ్ళు జీఫోర్స్ 3 అనే కార్డు తెచ్చాక, ఇళ్ళల్లో వాడుకునే కంప్యూటర్లలో కూడా ఆటలు తయారుచేసేవాళ్ళు తమకు నచ్చినట్టు షేడర్లు రాసుకునే వీలు కలిగింది. ఆ తరవాత ఆడేవాళ్ళే రాయడం మొదలుపెట్టారు. 2011లో పూర్తి రూపంలో విడుదలయిన స్వీడన్‌వాళ్ళ మైన్‌క్రాఫ్ట్ ఆట చూశారా? అంతా ఇటుకలు పేర్చినట్టు చదరపు దిమ్మెలే. సూర్యుడు కూడా చదరమే! దానికోసం అభిమానులు రాసి పంచిపెట్టిన షేడర్లు లెక్కలేనన్ని. ఒకటి లేతెండ కాయిస్తుంది. ఒకటి మంచు కురిపిస్తుంది. ఒకటి మన ఫిర్యాదులో ఉన్నట్టు లోకమంతా మసి పూస్తుంది.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, దావా అంతా దీనిమీదే నడుస్తుంది. షేడర్ వేసినా ఆటలో ఒక్క దిమ్మె కూడా అటుదిటు కదలదు. పిల్లవాడు కట్టుకున్న ఇల్లు, నాటిన తోట, తవ్విన బావి ఎక్కడివక్కడే ఉంటాయి. మారేది వాటిమీద పడే వెలుగు మాత్రమే. ఆ సంగతి పిల్లవాడికి తెలుసు. వేసిందీ వాడే. ఒక మీట నొక్కితే తీసేసేదీ వాడే.

ఇది మనకేమన్నా వింతా? ధర్మవరం పక్కన నిమ్మలకుంట ఉంది. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావుగారి ఊరు. అక్కడి తోలుబొమ్మల్ని దగ్గరగా చూశారా ఎప్పుడైనా? మేకతోలుని వెలుతురు దూరేంత పల్చగా శుభ్రం చేస్తారు. దానిమీద బొమ్మ గీసి, రంగులేసి, నగలున్నచోట సన్నటి బెజ్జాలు పొడుస్తారు. తెల్లటి తెర వెనక దీపం పెడతారు. బొమ్మని తెరకి ఆనిస్తే రంగులు తేటగా కనిపిస్తాయి. తెరనుంచి దీపం వైపు జరిపితే నీడ పెరిగి, అంచులు చెదిరి, ఎదురుగా కూర్చున్న పిల్లలు తల్లి ఒళ్ళో దూరిపోతారు. తోలు అదే, రంగు అదే. మారింది వెలుగుకీ బొమ్మకీ మధ్య దూరం. ఆ ఆట చూసి రాత్రంతా మేలుకున్న మన అమ్మమ్మల మనసుల్లో దిగులు దూరిందని ఎవరూ వైద్యుడి దగ్గరకి పరిగెత్తలేదు.

2010లో డెన్మార్క్ దేశంలో ప్లేడెడ్ అనే సంస్థవాళ్ళు లింబో అని ఒక ఆట తెచ్చారు. అందులో రంగన్నదే లేదు. బూడిదరంగు వెలుగుకి అడ్డంగా నల్లటి నీడలు. ఆ నీడల అడవిలో ఒక చిన్న పిల్లవాడు చెల్లెల్ని వెతుక్కుంటూ పోతాడు. ప్రపంచమంతా ఆ ఆటని మెచ్చుకుంది. నిమ్మలకుంటవాళ్ళు చూస్తే "ఇది మా ఇంటి సంగతే కదప్పా" అనుకునేవాళ్ళు.

"అదంతా సరే. చీకటంటే దిగులే కదా? వాడు దిగులు ఎందుకు కోరుకోవాలి?" అంటారు మీరు.

చీకటంటే దిగులని చెప్పిందెవరు? మబ్బు పట్టిన ఆకాశం విచారానికి గుర్తు, ఎండ సంతోషానికి గుర్తు అన్నది ఏడాదిలో సగం చలికి ముడుచుకునే దేశాలవాళ్ళ లెక్క. వాళ్ళకి ఎండే పండగ. మన సంగతి వేరు. పాత అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. గోరంట్ల చిత్రావతి ఒడ్డున ఉందని పుస్తకంలో ఉంటుంది. ఆ ఏట్లో నీళ్ళకన్నా ఇసుక చూసిన రోజులే ఎక్కువ. వేరుశనగ విత్తనం చేతిలో పట్టుకుని పైకి చూసే రైతు భార్యకి, ఆకాశం నల్లబడి మోడం మూసుకొస్తే గుండె గుబులెత్తదు. పాయసం వండాలనిపిస్తుంది. మన భాషలో దేవుడు కూడా నీలమేఘశ్యాముడే. నలుపు నారాయణ మెచ్చు అని సామెత కూడా చెప్పుకున్నాం. అలాంటి ఊళ్ళో పుట్టిన పిల్లవాడు తన ఆటలో ఆకాశానికి మబ్బు పట్టిస్తే, వాడికి దిగులని తేల్చడానికి మనం ఎవరి కళ్ళజోడు పెట్టుకున్నట్టు?

పిల్లవాడికి నిజంగానే దిగులుండొచ్చు. కాదనను. ఉంటే అది తెర రంగులో తెలీదు. అన్నం తినేటప్పుడు తెలుస్తుంది. స్నేహితుడు పిలిచినా గడప దిగకపోతే తెలుస్తుంది. నిద్రపట్టక దొర్లితే తెలుస్తుంది. పిల్లవాడి మొహం చూడడం మానేసి వాడి తెర చూసి బెంగపడడం, రోగిని వదిలి రోగి పడుకున్న మంచానికి మందు రాసినట్టుంటుంది. ఇక గంటల తరబడి కూర్చుంటే కళ్ళకి చేటే. దానికి షేడర్ తీసేయడం మందు కాదు, లేచి వీధిలోకి తరమడం మందు.

వకాల్తా అయింది. ఇక ఎదురు దావా.

చీకటిగా ఉంటే గొప్ప, మసకగా ఉంటే లోతు అని ఆ పిల్లవాడికి నేర్పింది ఎవరు? మనం టికెట్టు కొని చూసిన సినిమాలు. 2018లో, 2022లో వచ్చిన కె.జి.ఎఫ్. రెండు భాగాలూ, 2023లో వచ్చిన సలార్ చూడండి. మనుషులూ, గోడలూ, ఆకాశమూ అన్నీ బొగ్గుపొడిలో పొర్లాడి వచ్చినట్టుంటాయి. ఆ దర్శకుడు ప్రశాంత్ నీల్ మూలాలు మన జిల్లాలో మడకశిర పక్కనున్న నీలకంఠాపురంలోనే ఉన్నాయని మనవాళ్ళు మురిసిపోతారు. మురవనివ్వండి. గనుల కథకి బొగ్గురంగు నప్పింది. చిక్కల్లా ఆ తరవాత బయల్దేరిన మూకతో వచ్చింది. కథలో పసలేని ప్రతివాడూ దీపాలార్పేసి "చూశారా ఎంత గంభీరంగా తీశానో" అంటున్నాడు. ఈ జబ్బు మనకే పరిమితం కాదు. 2019 ఏప్రిల్‌లో అమెరికాలో గేమ్ ఆఫ్ థ్రోన్స్ సీరియల్‌లో ఒక యుద్ధం చూపించారు. ఎవరు ఎవర్ని నరుకుతున్నారో కనబడక లోకమంతా గగ్గోలు పెట్టింది. చిత్రీకరించినాయన మాత్రం, తప్పంతా చూసేవాళ్ళ టీవీలదీ, వాటిని సరిగ్గా దిద్దుకోకపోవడానిదీ అన్నట్టు మాట్లాడాడు. వంటలో ఉప్పెక్కువయితే తినేవాళ్ళ నాలుక కడుక్కోమన్నట్టు!

అయినా అది పెద్ద నేరం కాదు. డబ్బులు పోయాయనుకుని లేచొచ్చేయొచ్చు. అసలు నేరం ఇంకొకటుంది. అది మన సీమ మీద వేసిన షేడర్.

1999లో సమరసింహారెడ్డి వచ్చింది. 2001లో నరసింహనాయుడు. 2002లో ఆది, ఇంద్ర. ఆ వరసలో ఇంకా ఎన్నో. అప్పటినుంచీ తెలుగు తెర మీద రాయలసీమ అంటే ఒకటే రంగు. ఎర్రదుమ్ము, ఎండిన చెట్టు, దుమ్ములోంచి దూసుకొచ్చే సుమోలు, చేతిలో కత్తి. ఆ సినిమాల్లో సీమలో వాన కురిస్తే అందులో నెత్తురు పారాలి, అంతే. వేరుశనగ మొలకెత్తకూడదు. 2010లో రామ్‌గోపాల్ వర్మ రక్తచరిత్ర తీస్తే అనంతపురం మొత్తం గడ్డకట్టిన నెత్తురు రంగులోకి దిగిపోయింది.

జరిగిన హత్యలు అబద్ధమని నేననను. పెనుకొండ శాసనసభ్యుడుగా ఉన్న పరిటాల రవి 2005 జనవరి 24న అనంతపురంలో హత్యకు గురయ్యారు. అది చరిత్ర. అంతకుముందూ ఆ తరవాతా ఎన్నో ఇళ్ళలో పసుపు కుంకుమలు పోయాయి. గడపల మీద పడ్డ నెత్తురు కడిగింది ఆడవాళ్ళే కాబట్టి, అది జరగలేదని ఏ సీమ ఆడదీ చెప్పదు. 2018లో వచ్చిన అరవింద సమేతలో కాస్తయినా ఆ ఆడవాళ్ళ గొంతు వినిపించింది. దాన్ని మెచ్చుకుంటాను. నా తగువు ఏమిటంటే, కొన్ని ఊళ్ళలో కొన్ని కుటుంబాల మధ్య జరిగిన ఘోరాన్ని రంగు కింద నూరి, మొత్తం సీమ ఆకాశానికి పూసేశారు. అమెరికాలో 2000లో స్టీవెన్ సోడర్‌బర్గ్ ట్రాఫిక్ అనే సినిమా తీశాడు. అందులో మెక్సికో దేశం కనబడినప్పుడల్లా తెర ముదురు పసుపు. అమెరికా పెద్దల ఇళ్ళు కనబడితే చల్లని నీలం. ఆయనకి ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ వచ్చింది. ఆ తరవాత మెక్సికో అనగానే పసుపు పులిమేయడం అక్కడివాళ్ళకి అలవాటయిపోయింది. మెక్సికోవాళ్ళకి వాళ్ళ ఆకాశం నీలంగానే ఉంటుందని చెప్పుకోవలసిన గతి పట్టింది. సరిగ్గా మన గతే.

దీనివల్ల పోయేదేమిటంటారా? హైదరాబాదులో హాస్టల్లో చేరిన మన పిల్లని పక్క మంచం పిల్ల మొదటిరోజు అడిగే ప్రశ్న "మీ ఊళ్ళో బాంబులు వేసుకుంటారటగా?" అని. పిల్లనివ్వడానికి కోస్తావాళ్ళు ముందూ వెనకా చూడడం మనకి తెలియంది కాదు. ఆ షేడర్ కింద ఏముందో వాళ్ళకి చూపించినవాళ్ళే లేరు. లేపాక్షి మంటపం కింద తలెత్తి నిలబడితే, 16వ శతాబ్దపు చిత్రకారులు పైకప్పు మీద ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు రంగులతో నింపిన లోకం కనిపిస్తుంది. అందులోని చీరల అంచులు చూసి నేటికీ నేతగాళ్ళు నమూనాలు తీసుకుంటారు. ధర్మవరం మగ్గాలున్నాయి. గోరంట్లలో మాధవరాయస్వామి గుడి రాతిస్తంభాలున్నాయి. మల్బరీ తోటలున్నాయి. హిందూపురం చింతపండు మార్కెట్టు ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచీ కార్లు తయారవుతున్నాయి. 2024 జనవరిలో గోరంట్ల మండలం పాలసముద్రంలో కస్టమ్స్ అధికారులకి శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ తెరిచారు. మొబ్బున లేచి పట్టుపురుగులకి ఆకువేసే ఆడమనిషి ఉంది. ఆమెని ఏ సినిమా కెమెరా చూసింది?

పిల్లవాడి షేడర్‌కీ, ఈ షేడర్‌కీ తేడా ఇప్పుడు చూడండి. వాడు మసి పూసి "ఇదిగో, మసి పూశాను" అంటాడు. వీళ్ళు మసి పూసి మారేడుకాయ అంటారు. వాడి దగ్గర తీసేసే మీట ఉంది. సీమ పిల్ల చేతికి ఆ మీట ఎవరూ ఇవ్వలేదు.

సినిమావాళ్ళని తిడుతుంటే మీరంతా తలలూపుతున్నారు. సంతోషం. ఇప్పుడు మీ దగ్గరికే వస్తున్నాను.

కొడుకు ఆకాశం నలుపు చేశాడని కళ్ళొత్తుకున్న ఆ అమ్మే, అదే వారంలో కూతురి పెళ్ళిసంబంధానికి ఫోటో తీయించింది. తీయించి, ఫోటోలు తీసే అబ్బాయి చెవిలో ఏం చెప్పింది? "కాస్త తెల్లగా వచ్చేట్టు చూడు నాయనా" అని. అది షేడర్ కాదా తల్లీ? అచ్చం షేడరే! ముక్కూ కళ్ళూ ఎక్కడివక్కడే ఉన్నాయి. మారింది పైన పడే వెలుగు. బుగ్గమీద పుట్టుమచ్చ మాయం. పొలం గట్టుమీద సైకిలు తొక్కుతూ కాలేజీకి పోయిన పిల్ల మెడమీద ఎండ గుర్తు మాయం. చామనచాయ పిల్ల కాస్తా సున్నం కొట్టిన గోడయి కూర్చుంది. ఇప్పుడు ఫోటోలబ్బాయి కూడా అక్కర్లేదు. సెల్‌ఫోనే అడక్కుండా నునుపు చేసి తెలుపు చేసి పెడుతుంది.

కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. మన ఇళ్ళలో ఆ సామెత కూడా చెల్లకుండా పోయింది. కాకి తన పిల్లకి సున్నం పూసి కొంగగా చూపిస్తోంది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు ఫోటో వంకా పిల్ల వంకా మార్చి మార్చి చూస్తుంటే, తలొంచుకుని కాఫీ కప్పులు అందించే ఆ పిల్ల మనసులో ఎంత చీకటి కమ్ముతుందో ఎవరైనా అడిగారా? అన్నయ్య ఆటలో చీకటికి పంచాయతీ పెట్టాం. చెల్లెలి మనసులో చీకటికి మనమే నూనె పోస్తున్నాం. తన అసలు మొహం తన తల్లికే సరిపోలేదని ఆ పిల్లకి ఆరోజు తెలిసిపోతుంది. సంబంధం తప్పిపోతే పోనీ, ఇంకోటి వస్తుంది. ఆ తెలిసిన మాటని మళ్ళీ ఎలా చెరుపుతారు?

లోకం కొంచెం సిగ్గుపడింది. 2020లో షాదీ డాట్ కామ్ అనే పెళ్ళిసంబంధాల సంస్థ, ఒంటిరంగుని బట్టి వెతుక్కునే వీలుని అందరూ దుయ్యబట్టాక తీసేసింది. దాన్ని వాళ్ళు ఫిల్టర్ అనే పిలిచేవాళ్ళు. అదే ఏడు హిందుస్తాన్ యూనిలీవర్‌వాళ్ళు ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి తెలుపన్న మాట తీసి గ్లో అండ్ లవ్లీ అని పెట్టారు. డబ్బా మీద పేరు మారింది. ఆ డబ్బా కొనే చేతి వెనకున్న బుద్ధి మారాలంటే కంపెనీవాళ్ళు చేయగలిగిందేం లేదు. అది మన వంటింట్లో తేలవలసిన సంగతి.

"ఏం చేయమంటారు? అడిగేవాళ్ళు తెల్లపిల్లే కావాలంటారు కదా" అంటారు. అడగనివ్వండి. అసలు రంగు దాచి పంపిన ఫోటోతో కుదిరిన సంబంధం, ఆ పిల్లని జీవితాంతం ఆ ఫోటోతో పోటీపడమంటుంది. ఉన్న మొహంతో ఉన్న ఫోటో పంపితే పదిమంది తిప్పి పంపొచ్చు. పదకొండోవాడు పిల్లని చూసి వస్తాడు, ఫోటోని చూసి రాడు. ఆ పదిమందిని గడప తొక్కకుండా ఆపిన ఫోటోకి దండం పెట్టాలి మనం.

కాబట్టి అమ్మలారా, నా దావాలో నేను కోరే తీర్పు ఇది. షేడర్లు నిషేధించమని అడగను. వెలుగూ నీడా లేకుండా బొమ్మ లేదు, ఆట లేదు, కథ లేదు. నవలలు రాసుకునే నేను కూడా ఒక సంగతి మీద వెలుగు వేసి ఇంకొకదాన్ని నీడలో పెట్టి బతికేదాన్నే. ఎవరు వేశారు, ఎందుకు వేశారు, తీసేసే మీట ఎవరి చేతిలో ఉంది అని మాత్రం ప్రతిచోటా అడగమంటాను. ఈ మూడు ప్రశ్నలకీ జంకకుండా జవాబు చెప్పగలిగినవాడు మన ఇళ్ళలో ఆ పిల్లవాడొక్కడే.

ఈసారి వాడు ఆడుకుంటుంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. "ఏదిరా, అది వేసి ఒకసారి, తీసి ఒకసారి చూపించు" అనండి. వాడు సంబరపడిపోయి చూపిస్తాడు. వేస్తే ఏమవుతుందో, తీస్తే ఏం కనబడుతుందో వాడి దగ్గర నేర్చుకోండి. ఆ తరవాత టీవీలో మన సీమ సినిమా ఏదైనా వస్తే వాణ్ణే అడగండి, దీనిమీద ఏం వేశారురా, తీస్తే కింద ఏముంటుంది అని. ఆ అడిగిన నోటితోనే పెళ్ళిళ్ళ పేరయ్యగారికి ఫోన్ చేసి, ఇచ్చిన ఫోటో వెనక్కి తెప్పించుకుని, పిల్ల కాలేజీనుంచి ఎండలో నడిచి వస్తుండగా తీసిన ఫోటో పంపండి.